వెన్న తీశాక మిగిలేది
వెన్న ముద్దను పైకి తీయగానే, అడుగున మిగిలిన పలుచని తెల్లని మజ్జిగను పారబోయడానికి ఈరోజు ఒకరు సిద్ధమయ్యారు, నేను వారించాను.

40 శాతం కొవ్వున్న మీగడను చిలికితే వెన్న ఎంత వస్తుందో, మజ్జిగ కూడా దాదాపు అంతే మిగులుతుంది. చిలికేటప్పుడు కొవ్వు కణాల చుట్టూ ఉన్న పొర చిట్లి, అందులోని ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు జాతి పదార్థాలలో గణనీయమైన భాగం ఈ మజ్జిగలోకి చేరుతుంది. కొవ్వును, నీటిని విడిపోకుండా పట్టి ఉంచే గుణం వాటికి ఉన్నందువల్లే మజ్జిగ పొడిని బ్రెడ్డులోనూ ఐస్‌క్రీములోనూ వాడుతారు. (మీగడ తీసిన పాలపొడి కంటే ఇది త్వరగా పాడవుతుందన్న మాట నిజమే.)

అయినా దీన్ని వ్యర్థాల పద్దులో రాయడం నాకు మింగుడుపడదు. కాలువలో కలిపితే, ఇందులోని లాక్టోజును (పాల చక్కెరను), ప్రోటీన్లను తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను హరించి చేపలకే ముప్పు తెస్తాయి.