సింధు ఒప్పందాన్ని టీఎంసీల్లో చదివాక నా ఐఆర్ ప్రిపరేషన్

సివిల్స్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఫోన్ చేస్తున్న జూనియర్లలో చాలామంది అంతర్జాతీయ సంబంధాల (ఐఆర్) గురించి అడుగుతున్నది ఒకటే: "ఐఆర్‌కి ఏం చదివారన్నా?" జనరల్ స్టడీస్ రెండో పేపర్ (జీఎస్-2)లోనూ, నా ఆప్షనల్ పొలిటికల్ సైన్స్ రెండో పేపర్‌లోనూ వచ్చిన మార్కులు చూసి అడుగుతున్నారనుకుంటా. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి రాస్తే మంచిదనిపించింది. లిస్టులో పేరు చూసుకున్న సంతోషం ఇంకా తగ్గలేదు, గర్వంగా కూడా ఉంది. తెలుగు మీడియంలో రాసి, ఐఆర్‌లో ఈ మార్కులు తెచ్చుకోవడం కుదరదని నాకు చాలామంది చెప్పారు. కుదురుతుంది.

సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే. నేరుగా నా చదువును మార్చిన విషయానికి వస్తాను.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మర్నాడే, పాకిస్థాన్‌తో నదీ జలాల పంపకం కోసం 1960లో చేసుకున్న సింధు జలాల ఒప్పందం అమలును నిలిపివేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. ఆ వారమంతా టీవీలోనూ యూట్యూబ్‌లోనూ ఇదే హోరు. పాకిస్థాన్‌కి నీళ్లు ఆగిపోయినట్టే అని కొందరు, ఒప్పందం నుంచి బయటికి రావడం ఎవరి తరమూ కాదని కొందరు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ బయట టీ కొట్టు దగ్గర మా వాళ్లంతా రెండు జట్లుగా చీలిపోయి వాదించుకుంటున్నారు. నేను ఒప్పందం ప్రతి డౌన్‌లోడ్ చేసుకుని లోపల కూర్చున్నాను.

అందులో లెక్కలన్నీ ఎంఏఎఫ్‌లలో ఉంటాయి, అంటే మిలియన్ ఎకరం-అడుగులు. నా రూమ్మేట్‌ వాళ్ల పొలం నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టులో ఉంది. పక్కన కూర్చుని నా నోట్సులోకి తొంగి చూసి, "ఈ ఎంఏఎఫ్‌లు నాకు ఎక్కవురా, టీఎంసీల్లో చెప్పు" అన్నాడు. ఒక ఎంఏఎఫ్ 43.56 టీఎంసీలు. సరే అని గుణించడం మొదలుపెట్టాను. ఒప్పందం పాకిస్థాన్‌కి కేటాయించిన సింధు, జీలం, చీనాబ్ మూడింటిలో ఏడాదికి సగటున పారేది సుమారు 135 ఎంఏఎఫ్, అంటే దాదాపు 5,880 టీఎంసీలు. ఆ మూడు నదుల మీద మనం నిల్వ చేసుకోవడానికి ఒప్పందం అనుమతించేది మొత్తం 3.6 ఎంఏఎఫ్, అంటే 157 టీఎంసీలు. వాడు నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఆ అంకె కింద "శ్రీశైలం 215, సాగర్ 312" అని రాశాడు.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. కృష్ణా జలాల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయత మీద (అంటే నూటికి 75 ఏళ్లు వస్తాయనుకునే నీళ్లు) కృష్ణకు లెక్కగట్టింది 2,060 టీఎంసీలు. దానికి దాదాపు మూడింతల నీళ్లు ఆ మూడు నదుల్లో పారుతుంటే, మనకు నిల్వకు అనుమతి ఉన్నది ఒక్క శ్రీశైలం కన్నా తక్కువ. ఆ 157కి సరిపడా కట్టడాలు కూడా మనం ఇంతవరకు పూర్తిగా కట్టుకోలేదు. జమ్మూ కశ్మీర్‌లోని సలాల్, బగ్లిహార్, కిషన్‌గంగ అన్నీ పారే నీటి మీద కరెంటు తీసే ప్రాజెక్టులే, శ్రీశైలంలా నెలల తరబడి నిల్వ పెట్టేవి కావు. వరద రోజుల్లో చీనాబ్‌ని ఆపగలిగే జలాశయం మనకు లేదు. అలాంటప్పుడు "నీళ్లు ఆపేశాం" అని ఎలా రాస్తాం?

కృష్ణా జలాల గొడవలు వింటూ పెరిగినవాళ్లకి ఇది ఒక్క క్షణంలో అర్థమవుతుంది. మనకు టీఎంసీ అంటే ఒక ఊరి పంట. పూడిక అంటే ఏమిటో కూడా మనకు తెలుసు. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీలు, పూడిక వల్ల 90కి పైగా పోగొట్టుకుంది. కాబట్టి 2025 మే నెలలో సలాల్, బగ్లిహార్‌లలో ఫ్లషింగ్ చేసి, అంటే నీటిని వదిలి ఆ ఒరవడితో పూడిక తీశారని వార్తలొచ్చినప్పుడు నాకు అది చిన్న వార్తలా అనిపించలేదు. ఒప్పందం ప్రకారం అలాంటి ఫ్లషింగ్ వర్షాకాలంలోనే చేయాలి. ఆ నిబంధన పక్కకి పోవడం వల్ల మనకు కలిగిన అసలు లాభం ఇక్కడుంది: జలాశయాల ఆయుష్షు పెంచుకోవచ్చు, రెండు దేశాల ఉమ్మడి సింధు కమిషన్‌కి వివరాలు పంపి అభ్యంతరాల కోసం ఎదురుచూడకుండా 850 మెగావాట్ల రాత్లే, 1,000 మెగావాట్ల పాకల్ దుల్ పనులు వేగం చేయొచ్చు, జీలం మీద 1987 నుంచి ఆగిపోయిన తుల్‌బుల్ నౌకాయాన ప్రాజెక్టుని మళ్లీ ముందుకు తేవచ్చు.

ఆ రోజు నుంచి ఐఆర్‌లో ఏ టాపిక్ వచ్చినా ముందు ఒప్పందం లేదా ఉమ్మడి ప్రకటన అసలు ప్రతి, తర్వాత మ్యాప్, తర్వాత అంకెలు, అవన్నీ అయ్యాకే ఎడిటోరియల్. ఈ వరుస తప్పనివ్వలేదు.

సింధు ఒప్పందంలో మీరు తప్పకుండా చూడాల్సినవి రెండే ఆర్టికల్స్. వివాదాలు తీర్చుకునే దారి చెప్పే తొమ్మిది, ఒప్పందాన్ని మార్చే దారి చెప్పే పన్నెండు. తొమ్మిదిలో మూడు మెట్లున్నాయి: మొదట కమిషన్, తర్వాత తటస్థ నిపుణుడు, ఆపైన కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్. బగ్లిహార్ మీద 2007లో తీర్పు చెప్పింది తటస్థ నిపుణుడు, కిషన్‌గంగ మీద 2013లో చెప్పింది కోర్ట్ ఆఫ్ ఆర్బిట్రేషన్. రెండుసార్లూ ఆ ప్రాజెక్టులు మొత్తానికి ఆగలేదు, కొన్ని షరతులతో ముందుకు సాగాయి. పన్నెండో ఆర్టికల్ ప్రకారం ఒక దేశం తనంతట తాను రద్దు చేసుకోవడానికి వీల్లేదు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుని మరో ఒప్పందం చేసుకునేదాకా ఇదే అమల్లో ఉంటుంది. మార్పులు కోరుతూ మన ప్రభుత్వం 2023 జనవరిలో ఒకసారి, 2024 ఆగస్టులో ఇంకోసారి నోటీసు ఇచ్చింది. పహల్గాంకి ముందే ఈ కథ మొదలైందని దీన్నిబట్టి తెలుస్తుంది. చాలామంది ఆన్సర్లలో ఈ రెండు నోటీసులూ ఉండవు.

ఇక నా అభిప్రాయం. ఒప్పందాన్ని నిలిపివేయడం సరైన నిర్ణయమే. 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేసిన నాటి జనాభా, నాటి కరెంటు అవసరాలు, నాటి హిమానీనదాలు ఇప్పుడు లేవు. ఆ రోజుల్లో పాకిస్థాన్ కాలువలు కట్టుకోవడానికి మనం 6.2 కోట్ల పౌండ్లు కూడా ఇచ్చాం. మార్పుల మీద మాట్లాడదామని రెండుసార్లు అడిగినా పని జరగనప్పుడు ఒత్తిడి పెట్టక తప్పదు. కానీ ఆ ఒత్తిడిని కొత్త ఒప్పందం రాబట్టడానికి వాడాలి. సామాన్య రైతుల నారుమళ్లు ఎండగట్టడానికి వాడితే మన నైతిక బలం మనమే పోగొట్టుకుంటాం. 2025 ఆగస్టులో తావీ నదికి వరద వచ్చినప్పుడు మన ప్రభుత్వం కమిషన్ ద్వారా కాకుండా హైకమిషన్ ద్వారా, మానవతా దృష్టితో పాకిస్థాన్‌కి హెచ్చరిక పంపింది. అది నాకు చాలా నచ్చింది. ఆన్సర్లో రాశాను కూడా.

అభిప్రాయం రాయొద్దని, అటూ ఇటూ సమానంగా రాసి వదిలేయమని సీనియర్లు చెప్పారు. టెస్ట్ సిరీస్‌లో ఒక ఎవాల్యుయేటర్ అయితే నా పేపర్ మీద ఎర్ర పెన్నుతో "టూ స్ట్రాంగ్" అని రాశారు. నేను మార్చుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. పదిహేను మార్కుల ప్రశ్నకి 250 మాటల్లో "ఒకవైపు, మరోవైపు" అని నింపి, చివర "చర్చల ద్వారా పరిష్కరించుకోవాలి" అని రాస్తే అది ఏ దేశం గురించైనా, ఏ సంవత్సరంలోనైనా సరిపోయే ఆన్సర్. రేపు ఫైలు మీద నిర్ణయం రాయాల్సినవాళ్లని ఎంపిక చేసే పరీక్ష ఇది. ఆర్టికల్ చెప్పి, అంకె చెప్పి, ఎదుటివాళ్ల వాదన నిజాయితీగా చెప్పి, ఆ తర్వాత నిలబడి మాట చెప్పడంలో తప్పేముంది? నా మార్కులే దానికి జవాబు అనుకుంటున్నాను.

ఇంటర్వ్యూలో కూడా ఇదే అక్కరకొచ్చింది. బోర్డులో ఒకరు నన్ను సూటిగా అడిగారు: మీరు పాకిస్థాన్‌తో ఇలా చేస్తే, రేపు చైనా మీతో ఇలాగే చేస్తే? టెన్షన్ పడాల్సిన ప్రశ్నే, కానీ ఆ పేజీ కళ్ల ముందు కదిలింది. నీళ్ల పంపకంపై చైనాతో మనకు అసలు ఒప్పందమే లేదని చెప్పాను. బ్రహ్మపుత్ర ప్రవాహ సమాచారం ఇచ్చిపుచ్చుకునే అవగాహన ఉండేది, అదీ 2023లో గడువు తీరిపోయింది. 2025 జులైలో యార్లుంగ్ సాంగ్‌పో (టిబెట్‌లో బ్రహ్మపుత్ర పేరు) మీద మెదోగ్ దగ్గర భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు పని చైనా మొదలుపెట్టింది. 1997లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ నదుల ఒడంబడిక ఓటింగుకి వస్తే చైనా వ్యతిరేకంగా ఓటేసింది, మనం ఓటింగుకి దూరంగా ఉన్నాం. సింధు మీద మనం ఎగువన ఉన్నాం, బ్రహ్మపుత్ర మీద దిగువన. అందుకే ఎగువ దేశానికి ఏ హక్కు ఉందని మనం వాదిస్తామో అది మన మీదకే తిరిగి రాకుండా చూసుకోవాలి. బ్రహ్మపుత్ర నీళ్లలో ఎక్కువ భాగం మన దేశంలో కురిసే వానల వల్ల వచ్చేదే కాబట్టి భయపడిపోవాల్సిన పనిలేదు, కానీ హఠాత్తుగా వదిలే వరద, ఆపేసే సమాచారం మనకు అసలు ప్రమాదాలు.

వెంటనే ఇంకొకరు, మీ రాష్ట్రంలో ఇలాంటి అనుభవం ఉందా అని అడిగారు. ఆల్మట్టి ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256 మీటర్లకు పెంచుతామని కర్ణాటక అంటే దిగువన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత ఆందోళన కలుగుతుందో చెప్పాను. దిగువన ఉన్నవాడి భయం నాకు పుస్తకంలోంచి తెలిసింది కాదు. బోర్డు వాళ్లు శ్రద్ధగా విన్నారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ప్రిలిమ్స్‌కి పాత పేపర్లు, మ్యాపులు. ఎస్సేకి వారానికి ఒకటి రాసి ఎవరో ఒకరితో దిద్దించుకోవడం. ఎథిక్స్‌కి సొంత నోట్సు. ఆప్షనల్ థియరీ తెలుగులో పెద్దగా దొరకదు, ఇంగ్లీషులో చదివి తెలుగులో రాసుకోక తప్పదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పొద్దున్నే పేపర్ చదువుతున్నామని ఫోన్ తీసి, యుద్ధాల మీద డిబేట్లు చూస్తూ రెండు మూడు గంటలు పోగొట్టుకునేవాళ్లని లైబ్రరీలో రోజూ చూశాను. సాయంత్రానికి వాళ్లకి ప్రతి దేశం మీదా ఒక కోపం ఉంటుంది, ఒక్క తేదీ గుర్తుండదు. ఫోన్ బ్యాగులో పెట్టండి. రోజుకి ఒక్క డాక్యుమెంట్, నాలుగైదు పేజీలైనా సరే, పెన్సిల్ పట్టుకుని చదవండి. కోట్ల మంది బతుకులు ఆధారపడిన ఒప్పందాలు ఇవి, కనీసం ఒకసారి పూర్తిగా చదివే ఓపిక మనకుండాలి.

ఈసారి మెయిన్స్ రాసేవాళ్లు బంగ్లాదేశ్‌తో మనకున్న గంగా జలాల ఒప్పందంతో మొదలుపెట్టండి. 1996 డిసెంబర్ 12న దేవెగౌడ, షేక్ హసీనా సంతకాలు చేశారు, గడువు 30 ఏళ్లు, అంటే 2026 డిసెంబర్‌తో ముగుస్తుంది. జనవరి 1 నుంచి మే 31 దాకా, పదేసి రోజుల లెక్కన పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర పంపకం. ప్రవాహం 70 వేల క్యూసెక్కులు, అంతకన్నా తక్కువ ఉంటే చెరిసగం. 70 నుంచి 75 వేల మధ్య ఉంటే బంగ్లాదేశ్‌కి 35 వేలు, మిగిలింది మనకి. 75 వేలు దాటితే మనకి 40 వేలు, మిగిలింది వాళ్లకి. ఈ మూడు లైన్లూ ఒక పేజీలో రాసుకుని, పక్కనే 2011లో పశ్చిమ బెంగాల్ అభ్యంతరంతో ఆగిపోయిన, బంగ్లాదేశ్‌తో తీస్తా నదీ జలాల ఒప్పందం సంగతి రాయండి. విదేశాంగ విధానంలో రాష్ట్రాల పాత్ర అని ప్రశ్న వచ్చినా, పొరుగు దేశాలతో సంబంధాలని వచ్చినా ఆ ఒక్క పేజీలోంచే రాయొచ్చు.