మంచాలకంటే ముందు బాత్రూములు లెక్కేయండి

నెల్లూరులో సొంత స్థలం ఉండి హాస్టల్ కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ఇందులో ఎన్ని మంచాలు పడతాయి? ఆ లెక్కతో గీసిన ప్లాను కాగితం మీద బాగానే ఉంటుంది. పొద్దున ఐదున్నరకు తేలిపోతుంది. కోచింగ్ పిల్లలందరూ ఒకే వేళకి లేస్తారు, ఏడింటికల్లా స్నానం ముగించి టిఫిన్ దగ్గరుండాలి. హాస్టల్ డిజైన్ అంటే ఆ గంటన్నరను దాటించడమే. మిగతా ఇరవై రెండున్నర గంటలు ఎలాగోలా నడుస్తాయి.

నలభై అంకణాల స్థలం తీసుకుందాం. మన అంకణం 72 చదరపు అడుగులు గనక 2,880 అవుతుంది. (తిరుపతి అంకణం 36 మాత్రమే. అక్కడివాళ్ల ప్లాను చూసి పోల్చుకునేవాళ్లు ఇక్కడ పొరబడతారు.) చుట్టూ వదలాల్సింది వదిలాక అంతస్తుకు 1,650 దాకా దక్కుతుందనుకోండి. 12 అడుగులకు 13 అడుగుల గదులు ఆరు, గదికి ముగ్గురు, అంతస్తుకు 18 మంది. కింద వంట, భోజనం, బళ్లు నిలిపే చోటు. పైన మూడంతస్తుల్లో 54 మంది.

ఇప్పుడు అసలు లెక్క. బకెట్ నింపుకోవడం, తల తుడుచుకోవడంతో కలిపి స్నానానికి మనిషికి 12 నిమిషాలు. 18 మందికి 216 నిమిషాలు. అంతస్తుకు మూడు స్నానాల గదులుంటే 72 నిమిషాల్లో అందరిదీ అయిపోతుంది. రెండే ఉంటే 108 నిమిషాలు, అంటే కనీసం ముగ్గురు నలుగురు స్నానం లేకుండా పరుగెత్తాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి (నేషనల్ బిల్డింగ్ కోడ్) చెప్పేదీ దీనికి దగ్గరే: మగపిల్లలకు ఎనిమిది మందికొకటి, ఆడపిల్లలకు ఆరుగురికొకటి, మరుగుదొడ్డికైనా స్నానాల గదికైనా. గదిలో నాలుగో మంచం ఇరికిద్దామనేవాళ్లకు కూడా ఇదే జవాబు. గదిలో మంచం పడుతుంది, కానీ అంతస్తుకు 24 మంది అయితే మూడు బాత్రూములకు 96 నిమిషాలు పడుతుంది. గంటన్నర దాటిపోయింది.

ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూమ్ అని బోర్డు మీద రాసుకుంటే అద్దె ఎక్కువొస్తుంది, నిజమే. అయితే కమోడ్, షవర్, వాష్‌బేసిన్ మూడూ ఒకే తలుపు వెనక పెడితే, ఒకడు స్నానం చేస్తున్నంతసేపూ మిగతా ఇద్దరికి పళ్లు తోముకోవడం కూడా ఆగిపోతుంది. మూడింటినీ విడగొట్టండి. మరుగుదొడ్డి వేరు, స్నానాల గది వేరు, వాష్‌బేసిన్లు బయట వరండాలో. అటాచ్డ్ తప్పదనుకుంటే కనీసం బేసిన్‌ని తలుపు బయటికి తీసుకురండి. ఆ ఒక్క మార్పు ఖర్చులో పెద్ద తేడా తేదు, పొద్దున గొడవ సగం తగ్గుతుంది.

నీళ్ల లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. 54 మందికి 7,290. వంటకీ పనివాళ్లకీ కలిపితే 8,000 అనుకోవాలి. అందులో సగం ఆ గంటన్నరలోనే అయిపోతుంది కాబట్టి మిద్దె మీద ట్యాంకులు 5,000 లీటర్లకు తగ్గకూడదు, రాత్రే నిండి ఉండాలి. ఒంగోలులో కట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అక్కడికి నాగార్జునసాగర్ కాలువ నీళ్లు వేసవి చెరువుల్లో నిలవ చేసి ఇస్తారు; రోజూ వస్తాయన్న ధీమాతో సంపు కట్టకూడదు, మూడు రోజులకు సరిపడా కట్టుకోవాలి. సముద్రం దగ్గరి ప్రాంతాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికీ వంటకీ ఒక లైను, వాడకానికి మరో లైను మొదటి రోజు నుంచే విడిగా వేయాలి. తర్వాత వేద్దామంటే టైల్సు పగలగొట్టాల్సిందే.

ట్యాంకు నుంచి ఒకే అంగుళం పైపు మూడంతస్తులకూ దింపడం తరచూ జరిగే తప్పు. కింద మూడు కుళాయిలు తిప్పగానే పై అంతస్తులో ధార దారంలా సన్నబడుతుంది. ట్యాంకు దగ్గర రెండంగుళాల పైపు పెట్టి, అక్కణ్ణుంచి అంతస్తుకో విడి లైను అంగుళంపావుతో దింపి, ఒక్కోదానికీ ఒక వాల్వు పెట్టాలి. పై అంతస్తుకు ప్రెషర్ రావాలంటే ట్యాంకును మిద్దె మీద ఆరడుగుల దిమ్మె కట్టి నిలబెట్టాలి. బాత్రూముల గచ్చు వేసేముందు రెండు రోజులు నీళ్లు నిలగట్టి కింద చెమ్మ చూడకుండా మేస్త్రీని టైల్సు వేయనివ్వొద్దు. ఆడపిల్లల హాస్టల్లో ప్రతి మరుగుదొడ్డిలోనూ మూత ఉన్న చెత్తబుట్ట తప్పనిసరి. అది లేకపోతే ప్యాడ్లు నాలుగంగుళాల పైపులోకి వెళ్తాయి, ఆ పైపు సరిగ్గా పరీక్షల రోజుల్లోనే నిండుతుంది.

దండేల గురించి ఏ ప్లానులోనూ ఒక్క గీత ఉండదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ మొహం చూడం. అప్పుడు ఏ హాస్టల్ గదిలోనైనా కనబడేది ఇదే: కిటికీ ఊచ నుంచి బీరువా పిడికి ఒక నైలాన్ తాడు, దాని మీద మూడు తడి తువ్వాళ్లు, వాటి కింద టేబుల్ మీద ఉబ్బిపోయిన నోట్సు, తువ్వాలు ఆనిన చోట గోడకు నల్లటి బూజు. మనిషికి ఆరడుగుల దండెం కావాలి. రోజు మార్చి రోజు ఉతుక్కున్నా 54 మందికి 160 అడుగులు. మిద్దెలో కొంత భాగానికి ఎనిమిది అడుగుల ఎత్తున రేకులు వేసి, పక్కలు గాలికి వదిలేసి, అడుగుంపావు ఎడంతో తీగలు కట్టాలి. రేకుల్ని ఇనుప దూలాలకు బోల్టులతో బిగించాలి. మేకులతో కొడితే మొదటి తుఫానుకే పక్కింటి మిద్దె మీద ఉంటాయి.

వేడినీళ్లు ఇవ్వని చోట పిల్లలు హీటర్ కాయిల్ కొని బకెట్లో పెడతారు. దాన్ని నోటీసు బోర్డు ఆపలేదు. సోలార్ హీటరు 1,000 లీటర్లది పెట్టి, ముసురు రోజుల కోసం అందులో కరెంటు కాయిల్ కూడా ఉంచితే ఆ అవసరమే రాదు. బాత్రూము, గది లైన్లకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్చు) లేకుండా కనెక్షన్ తీసుకోవద్దు. మంచానికి రెండు సాకెట్లు, ఒక చదువు దీపం ఉండాలి. ముగ్గురికి ఒకే ప్లగ్గు ఇస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు పరుపు కిందకు చేరుతుంది, అక్కడే వేడెక్కుతుంది. తెల్లారుజామున నాలుగింటికి చదివేవాడి కోసం ట్యూబులైటు వేస్తే మిగతా ఇద్దరికి నిద్ర పోతుంది గనక, కింద పద్నాలుగు కుర్చీల చదువు గది ఒకటి వేరుగా ఉండాలి.

ఎండ సంగతి క్లుప్తంగా: మెట్లూ బాత్రూములూ పడమట పెట్టండి, గదుల కిటికీలు తూర్పుకీ దక్షిణానికీ తిప్పండి, సాయంత్రం సముద్రపు గాలి అటునుంచే వస్తుంది. పై అంతస్తు మిద్దెకు తెల్ల టైల్సు వేయండి.

మెట్లు ఐదడుగుల వెడల్పుండాలి. వాటి కింద ఎలక్ట్రిక్ స్కూటర్లకు చార్జింగ్ పెట్టొద్దు, గ్యాసు సిలిండర్లు అసలే వద్దు. మంటొస్తే 54 మందికీ దారి అదొక్కటే. కిటికీలకు గ్రిల్లు వేసినా వరండా చివర ఒక గ్రిల్లు లోపల్నుంచి తెరుచుకునేలా ఉండాలి, దాని బయట ఇనుప నిచ్చెన బిగించాలి. రాత్రి గేటుకు తాళం వేసే అలవాటు మన దగ్గర పోదు కాబట్టి, రెండో తాళంచెవి వార్డెన్ గదిలో కాకుండా గేటు లోపలి వైపే గోడకు గాజు మూత పెట్టెలో ఉండాలి, చీకట్లో కూడా కనిపించేలా దాని మీదొక దీపం ఇన్వర్టర్ లైనులో వేయాలి.