మన బడి రాయి మీది చుక్క

బడి గురించి ఏదన్న రాయమంటే నాకు ముందు యాదికొచ్చేది ముందటి కమాను మీద నల్లరాయి. 1987 టెన్త్ బ్యాచ్ మాది, హనుమకొండల అప్పటికి ఇన్ని కాన్వెంట్లు లేవు. ఆ రాయి మీద ఉర్దూల మూడు అంకెలు, పక్కన ఒక చుక్క. మేం తెలుగు మీడియం పోరగాళ్లం, చుక్కంటే ఫుల్‌స్టాప్ అనుకున్నం. ఉర్దూ సార్‌ని అడిగితే నవ్వి, ఉర్దూల సున్నా చుక్కలెక్కనే ఉంటది రా, అది 1340 అన్నడు.

ఇగ చూడు మా సంబురం! ఓరుగల్లు కోట పడ్డది 1323ల అని సోషల్‌ల అప్పుడే చదివినం, అంటే ప్రతాపరుద్రుడు ఓడిపోయిన 17 ఏండ్లకే మన బడి కట్టిన్రన్నమాట! వారం రోజులు పక్క బడోళ్ల ముంగట కాలరెగరేసినం.

ఇంట్ల చెప్తే మా బాపు కడుపు పట్టుకొని నవ్విండు. ఆయన చిన్నప్పుడు నిజాం జమానల లెక్కలు గూడ ఉర్దూలనే చదివిండు, 1948 పోలీస్ యాక్షన్ అయినంక తెలుగుల పడ్డడు. పహాణీ, అదే భూమి లెక్కల కాయితం, చూసినవా ఎప్పుడన్న, దాని మీద ఉండేటి లెక్కనే ఇది గూడ, నిజాం సర్కారు క్యాలెండర్, ఫసలీ సంవత్సరం, 590 కలుపు అన్నడు. కలిపితే 1930. నిజాం సర్కారు ఫసలీ ఏడాది అక్టోబర్‌ల షురూ అయ్యేదట, అందుకే 1930-31 అనాలె. కాకతీయుల నుంచి ఉస్మాన్ అలీ ఖాన్ దాకా ఒక్క కూడికతోని వచ్చి పడ్డం.

బిల్డింగ్ మాత్రం మస్తుండె. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్ల ఇద్దరం కాళ్లు ముడుసుకొని కూసునేటోళ్లం, రిసెస్‌ల సద్ది గూడ అక్కడనే. గానుగల నూరిన డంగు సున్నంతోని కట్టిన గోడలు, సిమెంట్ గాదు. పైన ఇనుప గర్డర్లు, వాటి నడుమ ఇటుకలతోని చిన్న చిన్న కమానులు. క్లాస్ బోర్ గొట్టినప్పుడల్ల నేను అవి లెక్కపెట్టేది, 11. కమాను బరువు పక్కలకు తంతది గాబట్టి గోడ మందముండాలెనని తర్వాత సివిల్ డిప్లొమాల చదివితే గాని నాకు సమజ్‌గాలే. కింద షాబాదు బండలు, అప్పట్ల షాబాదు గూడ నిజాం రాజ్యంలదే, రైలుల వచ్చినయట. ఏప్రిల్‌ల ఒంటిపూట బడి అయినంక గూడ ఇంటికి పోకుండ ఆ బండల మీద పండుకునేటోళ్లం, వాచ్‌మెన్ తాత కట్టె పట్టుకొని వచ్చేదాక.

పోయిన సారి గెట్ టుగెదర్‌కి పోతే ఆ రాయికి గూడ గోడతోని కలిపి ఎనామిల్ పెయింట్ కొట్టిన్రు, ఎవరు కొట్టిచ్చిన్రో గని చెయ్యి బాగనే తిరిగింది. మా దోస్తు కుర్సీ ఎక్కి గోరుతోని గీకిండు. మూడు అంకెలు తేలినయి. చుక్క దగ్గర పెయింట్ దొడ్డుగుంది, అది చుక్క గాదు, గుండ్రంగ ఉండే ఉర్దూ అయిదు అంటడు వాడు. అయిదైతే 1935 అయితది. ఉర్దూ సార్ అబద్ధం చెప్తడా అని నేను. కిందికి దిగినంక బిర్యానీ కాడ గూడ అదే లొల్లి.