బీడ్స్‌కి అంటని గులాబీ రంగు: ఫ్లాగ్ ట్యాగ్ ప్రయోగం, ఏడో శనివారం

దొరికింది! నా ప్రొటీన్‌లో కొంత భాగాన్ని బీడ్స్‌కి (ప్రొటీన్‌ని పట్టుకునే చిన్న పూసలు) అంటనివ్వకుండా ఏడు శనివారాలు నన్ను ఏడిపించిన దొంగ చివరికి దొరికింది. బీడ్స్‌లో లేదు, బఫర్‌లో లేదు, నా చేతుల్లోనూ లేదు. (చేతుల మీద అనుమానం మా ఆవిడకి ఇంకా పోలేదు, అది వేరే సంగతి.)

కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కలు. వారమంతా కోడ్ రాసుకుంటాను, శనివారం మా ఊరి కమ్యూనిటీ ల్యాబ్‌లో బెంచ్ అద్దెకి తీసుకుంటాను. నా ప్రొటీన్ ఎంచెర్రీ, ఎర్రగా వెలిగే ప్రొటీన్. ముందు ఫ్లాగ్ ట్యాగ్ (ప్రొటీన్‌ని పట్టుకోవడానికి అతికించే ఎనిమిది అమైనో ఆమ్లాల పిడి), చివర ఆరు హిస్టిడిన్లు (ఇదో పిడి, పేరు హిస్ ట్యాగ్). మొత్తం బరువు 29 కిలోడాల్టన్లు. రంగున్న ప్రొటీన్ ఎందుకు ఎంచుకున్నానంటే కంటితోనే చూడొచ్చని. దీన్ని తయారుచేసే ఈ. కోలై బ్యాక్టీరియా ముద్దని (పెల్లెట్) బఫర్‌లో కలిపితే అచ్చం రాజమండ్రి రోజ్‌మిల్కే. అది ఎం2 రెజిన్‌కి (ఫ్లాగ్‌ని పట్టే ఎం2 యాంటీబాడీ అతికించిన బీడ్స్) అంటుకుని బీడ్స్ గులాబీ రంగుకి మారాలి, కిందికి దిగే నీళ్లు తెల్లగా ఉండాలి. అదీ ప్లాన్.

బీడ్స్ గులాబీ అయ్యాయి. నీళ్లు కూడా గులాబీగానే దిగాయి.

మొదటిసారి తప్పు నాదే. 4 మి.లీ. లైసేట్ (బ్యాక్టీరియాని పగలగొట్టిన ద్రవం), 587 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే రీడింగ్ 1.9. ఎంచెర్రీ ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియంట్ (రీడింగ్‌ని మోతాదుగా మార్చే సంఖ్య) 72,000 వేసి లెక్క కడితే దాదాపు 3 మి.గ్రా. నేను పెట్టిన రెజిన్ అర మి.లీ., అది పట్టేది దాదాపు 0.3 మి.గ్రా. బిందె నీళ్లు చెంబులో పోస్తే పొర్లక ఏమవుతుంది? సిగ్గుపడి, రెండోసారి 0.2 మి.గ్రా. మాత్రమే పోశాను: 1 మి.లీ., రీడింగ్ 0.50. ఇప్పుడు చెంబులో చోటు చాలా ఉంది. అయినా ఫ్లో-త్రూ (అంటకుండా కిందికి దిగిన నీళ్లు), డైల్యూషన్ సరిచేశాక, 0.21. అంటే 42 శాతం అంటకుండా జారిపోయింది.

అక్కడి నుంచి మొదలైంది అసలు గోల.

మొదటి అనుమానం డీటీటీ అనే రసాయనం మీద. లైసిస్ బఫర్‌లో అలవాటు కొద్దీ 1 మిల్లీమోలార్ వేశాను. ఎం2 అనేది ఒక యాంటీబాడీ, దాని గొలుసులని కలిపి ఉంచేవి డైసల్ఫైడ్ బంధాలు, డీటీటీ వాటినే తెంపుతుంది. తీసేశాను. కొత్త రెజిన్, కొత్త లైసేట్. 40 శాతం.

తర్వాత వేగం. గ్రావిటీ కాలమ్‌లో పోస్తే ప్రొటీన్‌కి బీడ్స్‌తో పరిచయం అయ్యే టైమే ఉండదేమో అనుకుని ట్యూబ్‌లో వేసి 4 డిగ్రీల దగ్గర రెండు గంటలు తిప్పాను. 43. రాత్రంతా తిప్పాను (ఆదివారం పొద్దున్నే వెళ్లి తీశాను, పిల్లాడి క్రికెట్ ప్రాక్టీస్ ఎగ్గొట్టి). 41. రెండు గంటలకీ పద్నాలుగు గంటలకీ తేడా లేదంటే ఇది వేగం సమస్య కాదు.

ట్యాగ్ మడతల్లో దాక్కుందా? అలా దాక్కుంటే అన్ని అణువుల్లోనూ దాక్కోవాలి గానీ వందకి నలభై రెండింటిలో దాక్కుని మిగతావాటిలో బయటికి తొంగిచూడటం ఏమిటి? మధ్యలో ఎడం కోసం జీఎస్‌జీఎస్ లింకర్ కూడా పెట్టాను కదా. ట్యాగ్‌లోని టైరోసిన్‌కి సల్ఫేట్ అంటుకుంటే ఎం2 పట్టదని చదివాను, కానీ అది జంతు కణాలు బయటికి స్రవించే ప్రొటీన్ల తలనొప్పి. బ్యాక్టీరియాలో ఆ ఎంజైమే లేదు. కొట్టేశాను.

అప్పుడు చేయాల్సిన పని చేశాను, అది మొదటి వారమే చేసి ఉండాల్సింది. జారిపోయిన గులాబీ నీళ్లని తీసుకెళ్లి మళ్లీ కొత్త రెజిన్‌లో పోశాను. 0.21 పోస్తే 0.20 బయటికొచ్చింది. ఆ బీడ్స్‌ని వెలుతురులో పెట్టి చూశాను, పాలలా తెల్లగా ఉన్నాయి. గులాబీ ఛాయ కూడా లేదు. అంటే జారిపోతున్నది చోటు లేక కాదు, టైమ్ చాలక కాదు. దానికి అంటుకునే గుణమే లేదు.

వెస్టర్న్ బ్లాట్ పెట్టాను: ప్రొటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి, యాంటీబాడీతో వెతకడం. నేను ఎం2-హెచ్‌ఆర్‌పీ (వెలుగునిచ్చే ఎంజైమ్ అతికించిన ఎం2) నేరుగా వాడతాను, సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టే రెండో యాంటీబాడీ) పెట్టను. రెజిన్ నుంచి ఊడిన యాంటీబాడీ తేలిక గొలుసు 25 కిలోడాల్టన్ల దగ్గర పరిగెడుతుంది, యాంటీ-మౌస్ సెకండరీ దాన్నీ వెలిగిస్తుంది, అది మన బ్యాండ్ పక్కనే వచ్చి కూర్చుంటుంది. అంత తికమక నాకెందుకు? ఇంకోటి: యాంటీబాడీ పాడవకుండా సోడియం అజైడ్ వేసే అలవాటున్నవాళ్లు హెచ్‌ఆర్‌పీ ట్యూబ్‌లో మాత్రం వేయకండి, ఎంజైమ్ చచ్చిపోతుంది. బ్లాకింగ్‌కి (మెంబ్రేన్ మీది ఖాళీలు కప్పడానికి) నేను కిరాణా కొట్టు స్కిమ్ పాలపొడే వాడతాను, బ్లాకింగ్ పేరుతో సీసాలో అమ్మేదానికీ దీనికీ నా కళ్లకి తేడా తెలియలేదు. ల్యాడర్ (సైజులు పోల్చుకునే గుర్తు ప్రొటీన్లు) మాత్రం పేజ్‌రూలర్. దాని మీద పిసినారితనం చేయను.

ఫలితం: లోడ్‌లో (రెజిన్‌లో పోసినది) ముదురు బ్యాండ్. ఎల్యూషన్‌లో (బీడ్స్ నుంచి విడిపించినది) ముదురు బ్యాండ్. ఫ్లో-త్రూ లేన్ ఖాళీ! పది నిమిషాలు ఎక్స్‌పోజ్ చేసినా ఖాళీ. ట్యూబ్‌లో కంటికి కనిపించే గులాబీ రంగు, మెంబ్రేన్ మీద శూన్యం.

(లోడ్‌లో 10 కిలోడాల్టన్ల దగ్గర ఇంకో బ్యాండ్ కూడా వచ్చింది. ప్రొటీయేజ్ (ప్రొటీన్‌ని కోసే ఎంజైమ్) పని అనుకుని, దాన్ని ఆపే పీఎంఎస్‌ఎఫ్ పోసి ఒక వారం వృథా చేశాను. అది మరిగించడం వల్ల. ఎంచెర్రీ రంగు గుంపు దగ్గర వెన్నెముక బలహీనం, 95 డిగ్రీలకి తెగి రెండు ముక్కలవుతుంది. మరిగించకుండా లోడ్ చేస్తే మాయం.)

ఇక్కడ మా ల్యాబ్ అక్క గురించి చెప్పాలి. బయోటెక్ కంపెనీలో ఉద్యోగం, శనివారాలు మాలాంటి వాళ్లకి సాయం. బ్లాట్ ఫోటో చూసి, "తమ్ముడూ, చివర హిస్ ట్యాగ్ కూడా పెట్టుకున్నావు కదా, దాన్ని అడిగావా?" అంది.

"అది నికెల్ బీడ్స్‌కి అంటించడం కోసం పెట్టానక్కా."

"నికెల్ కోసమే ఉండాలని రాసుందా?"

అవే శాంపిళ్లు, ఈసారి 15 శాతం జెల్, డై కింద నుంచి పోయాక ఇంకో నలభై నిమిషాలు నడిపి, యాంటీ-హిస్‌తో చూశాను. లోడ్‌లో ఒకటి కాదు, రెండు బ్యాండ్లు! పైది 30 దగ్గర, కిందది 27 దగ్గర, మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ. 12 శాతం జెల్‌లో ఈ రెండూ కలిసిపోయి ఒకటే లావు బ్యాండ్‌లా కనబడుతూ వచ్చాయి. ఎల్యూషన్‌లో పైది మాత్రమే. ఫ్లో-త్రూలో కిందది మాత్రమే. తోక (హిస్) ఉంది, రంగు ఉంది, తల (ఫ్లాగ్) లేదు.

తల తెగిందా, అసలు పుట్టలేదా? తెగితే ఎక్కడ తెగింది? అక్క మళ్లీ ఒకటే మాట అంది: "ప్రొటీన్ కాదు, డీఎన్‌ఏ చదువు."

చదివాను. ఎంచెర్రీ మొదటి అమైనో ఆమ్లాలు నిజానికి దాని సొంతం కావు. 2004లో రోజర్ చెన్ ల్యాబ్‌లో దీన్ని తయారుచేసినప్పుడు ఫ్యూజన్లకి (వేరే ప్రొటీన్లతో అతికించడానికి) బాగుంటుందని జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) కొసలు తెచ్చి అతికించారు. ఆ అతుకులో ఆరో అమైనో ఆమ్లం నుంచి డీఎన్‌ఏ అక్షరాలు ఇలా ఉన్నాయి: జి-ఎ-జి, జి-ఎ-జి, జి-ఎ-టి, ఎ-ఎ-సి, ఎ-టి-జి. మూడేసి విడదీయకుండా, రెండో అక్షరం నుంచి ఒక్కసారి గడగడా చదవండి. ఎ-జి-జి-ఎ-జి-జి. బ్యాక్టీరియా రైబోజోమ్ (ప్రొటీన్ అల్లే యంత్రం) ఎక్కడ కూర్చోవాలో చెప్పే షైన్-డల్గార్నో గుర్తు, ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా! దాని తర్వాత ఐదు అక్షరాల ఎడం, వెంటనే మొదలుపెట్టమని చెప్పే ఎ-టి-జి (మెథియోనిన్). ఇంతకన్నా చక్కగా పీట వేసి పిలవడం కుదరదు. రైబోజోమ్‌లు కొన్ని నా ఫ్లాగ్ ముందు నుంచి మొదలుపెడుతున్నాయి, కొన్ని నేరుగా పదో స్థానంలోని మెథియోనిన్ దగ్గర ఎక్కుతున్నాయి. అలా పుట్టిన పొట్టి ఎంచెర్రీ కూడా బాగానే వెలుగుతుంది. పోయేది ట్యాగ్, లింకర్, మొదటి తొమ్మిది అమైనో ఆమ్లాలు. లెక్క వేస్తే 2.4 కిలోడాల్టన్లు, జెల్ మీది ఎడానికి సరిగ్గా సరిపోయింది. 2022లో ఈ పొట్టి రూపం గురించే ఒక పేపర్ వచ్చింది, నేను ఇప్పుడు చూస్తున్నాను. ముందే చూసి ఉంటే మూడు వందల డాలర్ల రెజిన్ మిగిలేది.

ఎల్యూషన్ గురించి ఒక్క లైను: 3ఎక్స్ ఫ్లాగ్ పెప్టైడ్ (ఎం2 మీద చోటు లాక్కుని ప్రొటీన్‌ని విడిపించే ముక్క) 150 మైక్రోగ్రా./మి.లీ., మూడు సార్లు, 0.26 తిరిగొచ్చింది, జెల్ మీద ఒకటే బ్యాండ్, శుభ్రం. పెప్టైడ్ ఖరీదు అనుకునేవాళ్లు పీహెచ్ 3.5 గ్లైసిన్ వాడొచ్చు గానీ ఆ ఆమ్లంలో ఎంచెర్రీ రంగు కొంచెం తగ్గొచ్చు. ట్రిస్ (ఆమ్లాన్ని విరిచే బఫర్) పోస్తే రంగు మళ్లీ వస్తుంది, కంగారుపడకండి. గ్లైసిన్‌లో రెజిన్‌ని ఇరవై నిమిషాలకి మించి ఉంచకండి, అంతే.

వచ్చే వారం ప్రైమర్లు (డీఎన్‌ఏ అక్షరాలు మార్చడానికి వాడే చిన్న ముక్కలు) వస్తాయి. జి-ఎ-జి రెండింటినీ జి-ఎ-ఎ చేస్తున్నాను (అమైనో ఆమ్లం అదే, రైబోజోమ్‌ని పిలిచే గుర్తు చెడుతుంది), పదో మెథియోనిన్‌ని ల్యూసిన్ చేస్తున్నాను. ఒకటి చాలేమో, కానీ మళ్లీ ఏడు శనివారాలు పోగొట్టుకునే ఓపిక లేదు. ఫ్లాగ్‌ని తోకకి మార్చి హిస్‌ని ముందుకి తెస్తే సరిపోదా అని అక్క అడిగింది. అప్పుడు పొట్టివాడికి కూడా ఫ్లాగ్ వస్తుంది, బీడ్స్ అన్నీ పట్టుకుంటాయి, నేను సంతోషంగా రెండు ప్రొటీన్లని ఒకటే అనుకుని బతికేస్తాను. వద్దు.

అసలు మనసు ఇప్పుడు ఆల్ఫా ట్యాగ్ అనే ఇంకో పిడి మీదికి పోతోంది. 2019లో వచ్చింది. దాన్ని పట్టే నానోబాడీ (బుల్లి యాంటీబాడీ) 15 కిలోడాల్టన్లే, ఈ. కోలైలోనే తయారవుతుంది, చివర ఒక సిస్టీన్ పెట్టి అయోడోఅసిటైల్ అగరోజ్‌కి అంటిస్తే రెజిన్ ఇంట్లో వండుకున్నట్టే. ఎం2 లాగా ఎలుక యాంటీబాడీకి డబ్బులు పోయక్కర్లేదు, గొలుసులు ఊడే గొడవా లేదు. కాకపోతే అంత చిన్న ప్రొటీన్ 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌లోంచి దూసుకుపోతుంది, 0.2 కొనాలి. జాబితాలో రాసుకున్నాను.

జారిపోయిన గులాబీ నీళ్ల ట్యూబ్ పారబోయలేదు. "తల లేనివాడు" అని మార్కర్‌తో రాసి మైనస్ ఎనభైలో పెట్టాను. కొత్త ప్లాస్మిడ్ లైసేట్ పక్క లేన్‌లో కంట్రోల్‌గా వాడినే నిలబెడతాను.