మా పక్షపత్రిక జమాఖర్చు

మండల విలేకరిగా ఉన్నప్పుడు అచ్చయిన వార్తల కొలతను బట్టి నాకొచ్చే లైన్ అకౌంట్ డబ్బులు బండి పెట్రోలుకే సరిపోయేవి కావు. జూన్ 2, ఆగస్టు 15, దసరా దగ్గర పడితే మాత్రం యాడ్స్ విభాగం నుంచి ఫోన్ల మీద ఫోన్లు: "టార్గెట్ ఎంతవరకొచ్చింది?" శుభాకాంక్షల ప్రకటన కోసం సర్పంచి దగ్గరికి, ఎరువుల డీలరు దగ్గరికి, ప్రైవేటు బడి కరస్పాండెంటు దగ్గరికి పోయి కూర్చునేవాణ్ని. జూన్ రెండున ఆ కరస్పాండెంటు ఫొటో వేయించి, బడులు తెరిచాక ఆయన ఫీజుల మీద వార్త రాయాలంటే చెయ్యి ఎట్లా వస్తుంది? రాసినవాళ్లు లేకపోలేదు. వాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు ఈ పనిలో లేరు.

అందుకే మిత్రులం కొందరం నల్లగొండ నుంచి సొంతంగా పక్షపత్రిక తేవాలనుకున్నప్పుడు, పేరు కన్నా ముందు జమాఖర్చు పుస్తకం తెరిచాం.

రిజిస్ట్రేషన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. 1867 నాటి చట్టం పోయి, 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. టైటిల్‌కూ రిజిస్ట్రేషన్‌కూ కలిపి ప్రెస్ సేవా పోర్టల్‌లో ఒకటే దరఖాస్తు; అది జిల్లా అధికారులకూ చేరుతుంది. మాకు నచ్చిన పేర్లు కొన్ని అప్పటికే వేరేవాళ్లు తీసుకున్నారు, అంతే.

అసలు కష్టం వెల దగ్గర వచ్చింది. కాగితం, ప్లేట్లు, డీటీపీ, అచ్చు, పోస్టేజీ కలిపితే కాపీకి పడే ఖర్చు మేం అనుకున్న వెలకు రెట్టింపు దాటింది. చాలా పత్రికల్లో ఆ తేడాను నింపేది ప్రకటనలే. మేం ఖర్చుకు దగ్గరగానే వెల పెట్టాం. చందాల కోసం తిరుగుతుంటే ఒక రిటైర్డ్ సారు, "శబ్నవీసు వారు 1922లో ఈ ఊళ్లోనే నీలగిరి పత్రిక పెట్టిండ్రు. పెట్టుడు కాదు నాయనా, నడుపుడు చూడు" అంటూనే రెండేళ్ల చందా కట్టారు.

ఇంకో రెండు కట్టుబాట్లు చేసుకున్నాం. ఏ ఒక్కరి ప్రకటనా మా రాబడిలో పదో వంతు దాటొద్దు. మూడు సంచికల ఖర్చు ఎప్పుడూ బ్యాంకులో కదలకుండా ఉండాలి. రెండోదానికి మాలోనే గొణుగుడు వచ్చింది: జీతాలు తక్కువ ఇచ్చుకుంటూ బ్యాంకులో దాచుడేంది అని. న్యాయమైన మాటే.

మిర్యాలగూడ వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లు నీళ్లు బావుల్లోకి దిగుతున్నాయని రైతులు వచ్చి చెప్పారు. ఆ మిల్లు యజమాని మా వెనక పేజీ ప్రకటనకర్త. సమాచార హక్కు దరఖాస్తు చాలా చవక. ఖర్చంతా, వచ్చిన కాగితాలు చదివి, వాటి వెంట తిరిగే మనిషికి ఇచ్చే జీతంలో ఉంటుంది. బావి నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించాం. దానికీ డబ్బే. పదిమంది రైతులు చెప్పారని రాస్తే అది ఆరోపణ. ల్యాబు రిపోర్టు, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కాగితాలు పక్కపక్కన పెడితేనే వార్త నిలబడుతుంది.

ఆయన నుంచి ఫోనొచ్చింది. "తమ్మీ, దీపావళికి వెనక పేజీ మొత్తం నాకే రాసుకో. గా బాయి నీళ్ల ముచ్చట ఎందుకు?" మీ వివరణ చెప్పండి, వేస్తామన్నాను. వివరణకు బదులు వకీలు నోటీసు వచ్చింది, పరువునష్టం కేసు వేస్తామని. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసు కూడా కావచ్చు. మా వకీలు ప్రతి వాక్యం చదివి, రెండు విశేషణాలు కొట్టేసి, సరే అన్నాడు. ఆ ఫీజు బ్యాంకులో పెట్టిన డబ్బులోంచే పోయింది. గొణిగినవాళ్లు ఆ రోజు నోరు మెదపలేదు.

వార్త మొదటి పేజీలో వచ్చింది, నోటీసులో ఆయన చెప్పుకున్న వాదనతో సహా. వెనక పేజీ ప్రకటన పోయింది. పదో వంతులోపే కాబట్టి, రెండు సంచికలకు నాలుగు పేజీలు తగ్గించి సర్దుకున్నాం.

అయితే చందాదారులంతా స్వచ్ఛమైనవాళ్లని నేననను. ఈ మధ్య ఒక నాయకుడు తన కార్యకర్తలకు పంచుతానని వందల కాపీలకు చందా కడతానన్నాడు. అంత ఒకేసారి తీసుకుంటే దాన్ని ప్రకటన కిందే లెక్కేస్తాం, పదో వంతుకు మించి తీసుకోం, మీ పేరూ అచ్చేస్తాం అని చెప్పాం. ఆలోచించి చెప్తానన్నాడు.