ఫిబ్రవరి ఆకుకూర, ఏప్రిల్ మజ్జిగ

ఫిబ్రవరి వచ్చిందంటే మా వంటింట్లోకి కొలార్డ్ ఆకు పెట్టెలు పెట్టెలుగా దిగుతుంది. ఒక్కో ఆకూ చేటంత ఉంటుంది, ముదురు పచ్చ, చూడ్డానికి క్యాబేజీ పై రేకుల్లా మందంగా. మధ్యలో ఈనె చీల్చేసి, నాలుగైదు ఆకులు కలిపి చుట్ట చుట్టి తరగాలి. మూడు నీళ్ళు మార్చి కడగాలి, రెండింటితో సరిపెడితే తినేటప్పుడు పంటికింద ఇసుక తగులుతుంది. ఆ తర్వాత పొగబెట్టిన టర్కీ కాలు, ఉల్లిపాయ, ఎండుమిరప పలుకులు, కాస్త వెనిగర్ వేసి గంటల తరబడి ఉడకనివ్వాలి.

నేను ఒహాయోలో కెంట్ స్టేట్ యూనివర్సిటీ భోజనశాలలో పనిచేస్తాను. మా ఆయన వీసా మీద ఇక్కడికొచ్చి, నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండిపోయి, పని చేసుకోవడానికి అనుమతి కార్డు వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఎమ్మెస్సీ, బీఈడీ చదివి వంటింట్లో పనేంటని ఫోన్లో చాలామంది అడిగారు. నాకు ఈ పని ఇష్టం. ఉదయం ఐదున్నరకి మంచులో నడిచొచ్చి, తలకి నెట్ పెట్టుకుని, ఏప్రన్ కట్టుకుని, ఆ రోజు ప్రెప్ లిస్టు చూసుకోవడం నాకు బాగుంటుంది.

ఆ వంటింట్లో నాకు పని నేర్పింది ఒక నల్లజాతి పెద్దావిడ. అందరూ ఆమె పేరుకి ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తారు, నేనూ అంతే. ఇక్కడ పేరు రాయను, పెద్దమ్మ అంటాను, ఎందుకంటే మనసులో నేను ఆమెని అనుకునేది అదే. మొదటి ఫిబ్రవరిలో నేను ఆ ఆకుని గోంగూరలాగా ఐదు నిమిషాల్లో వేయించేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. “తొందర పడకు బేబీ, దాన్ని నెమ్మదిగా ఉడకనీ” అంది. ఉడికాక అడుగున మిగిలే పచ్చటి నీళ్ళని వీళ్ళు పాట్ లిక్కర్ అంటారు, పారబొయ్యరు, మొక్కజొన్న రొట్టె అద్దుకుని తింటారు. మనకి పప్పు కట్టు ఎలాగో అలాగన్నమాట. ఆ రోజు ఒక కప్పులో పోసిస్తే తాగాను, కడుపులోకి వెచ్చగా దిగింది.

ఇదంతా బ్లాక్ హిస్టరీ నెల, అంటే నల్లజాతి చరిత్రని తలుచుకునే నెల కోసం చేసే వంట. అమెరికా అంతటా ఫిబ్రవరిలో జరుపుతారు కాబట్టి మా యూనివర్సిటీ కూడా జరుపుతోంది అనుకున్నాను. ఆ నెల మొదలైందే ఇక్కడ అని రెండేళ్ళ తర్వాత తెలిసింది.

దానికి ముందు కథ కొంచెం ఉంది. కార్టర్ వుడ్‌సన్ అనే చరిత్రకారుడు 1926లో నల్లజాతి చరిత్ర కోసం ఒక వారం మొదలుపెట్టాడు. ఆయన తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్ళు. తను వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసి, ఇరవై ఏళ్ళు వచ్చాకే హైస్కూల్లో చేరగలిగాడు, అక్కడి నుంచి 1912లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్ళాడు. ఫిబ్రవరి రెండో వారం ఎందుకంటే 12న లింకన్ పుట్టినరోజు, 14న ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజు, బానిసగా పుట్టి, తప్పించుకుని, బానిసత్వం మీద పోరాడినవాడు. ఇక్కడ నేను ఆగిపోయిన సంగతి ఒకటుంది. డగ్లస్‌కి తను ఏ రోజు పుట్టాడో తెలియదు. బానిస పిల్లల పుట్టిన తేదీలు ఎవరు రాసిపెడతారు? 14 అనేది ఆయన తనకు తానే పెట్టుకున్న తేదీ. మా నాన్న పుట్టినరోజు జులై 1. బడిలో చేర్పించిన రోజు హెడ్మాస్టరు వేసిన తేదీ అది, ఆ ఏడు మా పేట నుంచి చేరిన పిల్లలందరికీ అదే తేదీ వేశారు. నాన్న ఏ కాలంలో పుట్టాడని నాయనమ్మని అడిగితే మిరప కోతలప్పుడు అనేది. మిరప కోతలు జులైలో ఉండవు కదా.

వుడ్‌సన్ వారం నెల అయింది కెంట్‌లో. 1968లో ఇక్కడి నల్లజాతి విద్యార్థులు బ్లాక్ యునైటెడ్ స్టూడెంట్స్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ నవంబరులో, నల్లజాతివాళ్ళ మీద దౌర్జన్యానికి పేరుపడ్డ కాలిఫోర్నియా ఓక్లండ్ పోలీసులు ఉద్యోగాలకి మనుషుల్ని తీసుకోవడానికి క్యాంపస్‌కి వస్తే అడ్డంగా కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళ మీద చర్యలు తీసుకుంటారని తెలిసి, రెండువందల యాభై మంది వరకు క్యాంపస్ వదిలేసి బయటికి నడిచి వెళ్ళిపోయారు. చర్యలు లేవని చెప్పాకే వెనక్కి వచ్చారు. ఆ విద్యార్థులే, అక్కడి అధ్యాపకులతో కలిసి, 1969 ఫిబ్రవరిలో వారం చాలదు, నెల కావాలని ప్రతిపాదించారు. 1970 జనవరి 2 నుంచి ఫిబ్రవరి 28 వరకు మొదటిసారి జరుపుకున్నారు. ప్రెసిడెంట్ ఫోర్డ్ దేశమంతటికీ దాన్ని గుర్తించింది 1976లో. అంటే ఆరేళ్ళ ముందే ఇరవై ఏళ్ళ పిల్లలు ఇక్కడ చేసి చూపించేశారు.

కానీ కెంట్ స్టేట్ అంటే ప్రపంచానికి గుర్తొచ్చేది వేరే రోజు. ఆ మొదటి పండగ అయిన రెండు నెలలకే, 1970 మే 4న, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా గుమిగూడిన విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 తూటాలు పేల్చారు, నలుగురు చచ్చిపోయారు, తొమ్మిదిమందికి గాయాలు. నలుగురూ తెల్లపిల్లలే. పదకొండు రోజుల తర్వాత మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ అనే నల్లజాతి కాలేజీలో పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు, పన్నెండుమంది గాయపడ్డారు. మే 4 సంగతి తెలిసినవాళ్ళలో కూడా ఆ రెండోది తెలిసినవాళ్ళు చాలా తక్కువ. నాకు దాని గురించి మొదట చెప్పింది పెద్దమ్మే, గిన్నెలు తుడుస్తూ.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మాటకి వస్తాను, రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మేము అమెరికా వచ్చిన కొత్తలో ఇల్లు వెతుక్కుంటుంటే తెలిసిన తెలుగువాళ్ళు ఒకరు మంచి మనసుతోనే చెప్పారు, “అటువైపు తీసుకోకండమ్మా, నల్లోళ్ళ ఏరియా” అని. ఆ మాట నేను తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పుట్టినరోజు పార్టీల్లో, కారు ఎక్కుతూ, పిల్లల్ని ఏ స్కూల్లో వెయ్యాలో మాట్లాడుకునేటప్పుడు. ప్రతిసారీ నాకు మా ఊరు గుర్తొస్తుంది. మాది గుంటూరు జిల్లాలో ఒక ఊరి చివర పేట. ఊళ్ళో పిల్లలకి వాళ్ళ అమ్మలు చెప్పేవాళ్ళు, అటువైపు వెళ్ళొద్దని. ఆ “అటువైపు” మా ఇల్లు. అక్కడ మా అమ్మ ఉండేది, నాయనమ్మ ఉండేది, సాయంత్రం అరుగు మీద లాంతరు పెట్టి నాన్న పదిమంది పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. అటువైపు అన్నవాళ్ళెవరూ అది చూడలేదు.

నేను మొదట్లో ఏమీ అనేదాన్ని కాదు. కొత్త దేశం, నలుగురితో పడాలి కదా అని ఊరుకునేదాన్ని. పార్టీ నుంచి ఇంటికొచ్చాక రాత్రంతా నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు అంటాను. గొడవ పెట్టుకోను, ఒక్క విషయం చెప్తాను. అమెరికా 1946లో చేసిన చట్టం ప్రకారం ఇండియా నుంచి స్థిరపడటానికి ఏడాదికి వందమందిని మాత్రమే రానిచ్చేవాళ్ళు. ఆంధ్రా మొత్తానికి కాదు, ఇండియా మొత్తానికి. ఆ దేశాల కోటాల పద్ధతిని తీసేసిన చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబరు 3న. అంతకు ముందు ఏడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం. ఈ మూడూ వరసగా వచ్చాయి. మనిషిని రంగును బట్టీ పుట్టుకను బట్టీ వేరుచెయ్యకూడదని నల్లజాతివాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, ప్రాణాలిచ్చి దేశం చేత ఒప్పించకపోతే, మూడోది వచ్చేది కాదని నా నమ్మకం. మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ తర్వాతే కదా వచ్చింది. మనం అదే తలుపులోంచి లోపలికొచ్చి, ఆ తలుపు తీసినవాళ్ళ వీధిలో ఇల్లు తీసుకోవద్దంటున్నాం.

ఇది చెప్తే కొందరు మాట మారుస్తారు. కొందరు అవునా, తెలీదు అంటారు. తెలీదు అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు, నాకూ తెలీదు, వంటింట్లో తెలుసుకున్నాను.

భోజనం సంగతికి మళ్ళీ వస్తాను. మొదట్లో నాకు అర్థం కానిది ఏంటంటే, ఫిబ్రవరి మెనూ గురించి ఇంత టెన్షన్ ఎందుకు పడతారా అని. విద్యార్థులు వచ్చి కూర్చుంటారు, పెద్దమ్మ కూర్చుంటుంది, ఒక్కో వంటా మాట్లాడుకుంటారు. 2018లో న్యూయార్క్‌లో ఒక పెద్ద యూనివర్సిటీలో ఎవరినీ సంప్రదించకుండా ఈ నెల పేరుతో మెనూ పెట్టి, అందులో పుచ్చకాయ రుచి నీళ్ళు కూడా పెడితే పెద్ద రభస అయింది. పుచ్చకాయలో తప్పేముంది అని నేనే పెద్దమ్మని అడిగాను. బానిసత్వం పోయాక నల్లజాతి కుటుంబాలు సొంతంగా పుచ్చకాయ పండించి, అమ్ముకుని, తమ కాళ్ళ మీద తాము నిలబడ్డాయట. అది చూసి ఓర్వలేనివాళ్ళు ఆ పండునే ఎగతాళి చేసి, బొమ్మలేసి, సోమరిపోతులు అని ప్రచారం చేశారు. ఆ ఎగతాళి వందేళ్ళకు పైగా నడిచింది. అందుకని ఎవరు వండుతున్నారు, ఎవర్ని అడిగి వండుతున్నారు అనేది ఇక్కడ ఉప్పు కంటే ముఖ్యం.

నాకిది వెంటనే ఎక్కింది. మా పేటలో ఒకప్పుడు ఏం తింటారో చెప్పుకోవడానికి పిల్లలం బడిలో సిగ్గుపడేవాళ్ళం, టిఫిన్ డబ్బా మూత సగమే తీసేవాళ్ళం.

కిందటేడు భోజనం రోజున బొబ్బర్ల పని నాది. ఇక్కడ బ్లాక్ ఐడ్ పీస్ అంటారు, అవి మన బొబ్బర్లే, అలసందలే. పుట్టిల్లు ఆఫ్రికా. మన జొన్నలు, సజ్జలు, రాగులు కూడా వేల ఏళ్ళ కిందట అక్కడి నుంచి మనకి వచ్చినవే. నైజీరియా నుంచి వచ్చిన ఒక పిల్లాడు నేను నానబెట్టిన బొబ్బర్లని చూసి, మా అమ్మ వీటి పొట్టు తీసి రుబ్బి, ఉల్లిపాయ మిరపకాయ వేసి నూనెలో వేయిస్తుంది, అకరా అంటాం అన్నాడు. బొబ్బర గారెలు! నేను అరిచినంత పని చేశాను.

ఆ రాత్రి పిల్లలు స్టెప్ చేశారు. వాయిద్యం ఉండదు, కాళ్ళు నేలకేసి, చేతులు తొడలకేసి, అరచేతులు చరిచి దరువు పుట్టిస్తారు, బల్లల మీద గ్లాసులు కదిలాయి. ముందు వాళ్ళు తమ జాతి గీతంగా భావించే పాట పాడారు, 1900లో లింకన్ పుట్టినరోజు కోసం పుట్టిన పాట అది. హాలంతా లేచి నిలబడింది. మేము వంటవాళ్ళం కూడా గరిటెలు పక్కన పెట్టి నిలబడ్డాం. పెద్దమ్మ కళ్ళు మూసుకుని పాడింది. వాళ్ళ అమ్మానాన్న అలబామా నుంచి ఇక్కడికి పక్కనే ఉన్న ఏక్రన్‌కి టైర్ల ఫ్యాక్టరీ పని కోసం వచ్చారట. 1910 నుంచి 1970 దాకా అలా దక్షిణం వదిలి పైకి వచ్చిన నల్లజాతివాళ్ళు అరవై లక్షలమంది. “మేమూ వలస వచ్చినవాళ్ళమే బేబీ, మాకు పాస్‌పోర్టు అక్కర్లేకపోయింది, అంతే తేడా” అంటుంది.

అన్నీ సర్దేసి, స్టీలు బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని తింటుండగా ఆమెకి అంబేడ్కర్ గురించి చెప్పాను. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్‌కి దగ్గర్లోనే కొలంబియా యూనివర్సిటీలో 1913 నుంచి 1916 దాకా చదివాడని, 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కి ఉత్తరం రాశాడని. అమెరికా నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపం కాపీలు కావాలని అడిగాడు, మావాళ్ళూ అలా ఇద్దామని ఆలోచిస్తున్నారని. “జవాబిచ్చాడా?” అని అడిగింది. ఇచ్చాడు, అదే నెలలో, మీవాళ్ళ మీద నాకు సానుభూతి ఉందని రాశాడు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను రెండు కథలూ ఒకటే అని చెప్పలేదు. ఓడల్లో గొలుసులేసి తీసుకురావడం మాకు జరగలేదు, మాకు జరిగింది వాళ్ళకి జరగలేదు. అయినా ఆమెకి వివరంగా చెప్పాల్సిన పని పడలేదు, పేట అంటే ఏమిటో రెండు ముక్కల్లో అర్థమైపోయింది.

“మీ పండగ ఎప్పుడు?” అంది. ఏప్రిల్ 14 అన్నాను. ఏం వండుతారంది. ప్రత్యేకమైన వంట లేదు, విగ్రహానికి దండలేస్తాం, పాటలు పాడతాం, ఎండ మండిపోతుంటుంది కాబట్టి వచ్చినవాళ్ళందరికీ కుండల్లో మజ్జిగ పోస్తాం అని చెప్పాను.

ఏప్రిల్ 14న ఇక్కడ ఇంకా చలే, నేను స్వెటర్ మీద నీలం కండువా వేసుకుని షిఫ్టుకి వెళ్ళాను. పెద్దమ్మ ఫ్రిజ్‌లోంచి రొట్టెల కోసం తెప్పించే బటర్‌మిల్క్ డబ్బా తీసి నా ముందు పెట్టింది. మన మజ్జిగ కంటే చిక్కగా ఉంటుంది. నీళ్ళు కలిపి, ఉప్పేసి, అల్లం, పచ్చిమిరపకాయ దంచి వేశాను, ఇంటి నుంచి తెచ్చిన కరివేపాకు నలిపి వేశాను. వంటింట్లో పదకొండుమందికీ పోశాను. పెద్దమ్మ ఒక గుటక వేసి ఆగి, ముందురోజు మిగిలిన మొక్కజొన్న రొట్టె తెచ్చి, ముక్కలు చేసి గ్లాసులో వేసి, చెంచాతో కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

“మా అమ్మ రోజూ రాత్రి ఇదే తినేది” అంది.

మా నాయనమ్మ కూడా, జొన్నరొట్టెతో.