గాయం కంటే ముందు ఊపిరి చూడాలి: గాయపడిన మా పిల్లితో నా అనుభవం

బయట తిరిగే పిల్లి దెబ్బ తగిలించుకుని వస్తే మన చూపు నేరుగా రక్తం మీదికే పోతుంది. మా మబ్బు ఒక రాత్రంతా కనిపించకుండా పోయి, తెల్లవారుజామున కుంటుకుంటూ వచ్చి మంచం కిందికి దూరింది. ముందుకాలు రక్తంతో తడిసి ఉంది. అయినా నేను ముందు దాని డొక్కల వైపే చూశాను. కాలి గాయం కొన్ని గంటలు ఆగగలదు, ఊపిరి ఇబ్బంది అయితే ఆగదు. చాలా ఏళ్ల కిందట ఒక పశువైద్యురాలు నాకు చెప్పిన క్రమం ఇది: ముందు ఊపిరి, తర్వాత చిగుళ్లు, ఆ తర్వాతే గాయం.

నేల మీద బోర్లా పడుకుని, టార్చి వెలుగు దాని కళ్లలో పడకుండా పక్కకు తిప్పి, డొక్కలు పైకీ కిందికీ కదలడం అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేశాను. విశ్రాంతిగా ఉన్న పిల్లి నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. భయంతోనో నొప్పితోనో కొంత పెరగవచ్చు. కాని కదలకుండా కూర్చున్నా 40 దాటి తగ్గకపోతే, మెడ ముందుకు చాచి మోచేతులు ఎడంగా పెట్టి కూర్చుంటే, అన్నిటికంటే ముఖ్యంగా నోరు తెరిచి రొప్పుతుంటే, ఇంట్లో మనం చేయగలిగింది ఏమీ లేదు. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే, గాయపడిన పిల్లి అలా రొప్పితే ప్రాణం మీదికి వచ్చిందనే అర్థం. వాహనం గుద్దినప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానం చిరిగి పేగులు ఛాతీలోకి జరగవచ్చు, ఒంటి మీద మాత్రం గీత కూడా పడకపోవచ్చు. మబ్బు ఊపిరి ముప్పై దాటింది, కాని నోరు మూసే ఉంది. కాసేపటికి కొంచెం నెమ్మదించింది కూడా.

దాన్ని లాగి బయటికి తీయాలని అనిపిస్తుంది. లాగలేదు. గది తలుపులూ కిటికీలూ మూసి, మంచం ఒక పక్క కొద్దిగా జరిపి, పెద్ద తువాలు తల మీదుగా కప్పి మొత్తంగా ఎత్తుకున్నాను. రోజూ ఒళ్లో పడుకునే పిల్లి అయినా నొప్పిలో కరుస్తుంది. అది దాని తప్పు కాదు. కరిచినా రక్కినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. రేబీస్ విషయంలో రేపు చూద్దాం అన్న మాటే ఉండకూడదు. ఇంకొక జాగ్రత్త: వెనక కాళ్లు ఈడుస్తూ వస్తే వెన్ను దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు చేతులతో ఎత్తకుండా గట్టి అట్ట మీదికో పలక మీదికో మెల్లగా జరిపి తీసుకెళ్లాలి.

తువాలులో ఉండగానే పెదవి కొద్దిగా పైకెత్తి చిగుళ్లు చూశాను. గులాబి రంగులోనే ఉన్నాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే రంగు తిరిగి వచ్చింది. పాలిపోయినా, నీలంగా కనిపించినా, రంగు రావడానికి ఎక్కువసేపు పట్టినా అది లోపల రక్తం పోతున్నందువల్లో, ఊపిరి అందకనో కావచ్చు.

అప్పుడు గోళ్లు చూశాను. బండి గుద్దిన పిల్లి గోళ్లు తరచుగా చివర్లు చీలి, రోడ్డుకు రాసుకుని పీచులా అయిపోయి ఉంటాయి. మబ్బు గోళ్లు బాగానే ఉన్నాయి. కాకపోతే ఒక గోటి మొదట్లో నారింజ రంగు వెంట్రుకల చిన్న కుచ్చు ఇరుక్కుని ఉంది. మబ్బు ఒళ్లంతా బూడిద రంగు. అంటే ఇంకో గండుపిల్లితో పోట్లాట. మోచేతి కింద ఎండిన రక్తంతో అతుక్కున్న బొచ్చును తడిపి విడదీస్తే, బియ్యపు గింజంత కూడా లేని రెండు రంధ్రాలు కనిపించాయి.

ఇంతేనా అనిపించే గాయం ఇదే, నన్ను ఎక్కువగా భయపెట్టిందీ ఇదే. పిల్లి కోరలు సన్నగా, లోతుగా దిగుతాయి. నోటిలో ఉండే పాశ్చురెల్లా వంటి బాక్టీరియాను కండ లోపల వదిలి బయటికి వస్తాయి. పిల్లి చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి పైన రంధ్రం త్వరగా మూసుకుపోతుంది, లోపలిది లోపలే ఉండిపోతుంది. రెండు నుంచి అయిదు రోజుల్లో చీముగడ్డ లేస్తుంది, జ్వరం వస్తుంది, పిల్లి తిండి మానేస్తుంది. చర్మం బారుగా చీరుకుపోయిన గాయాన్ని చూసి అందరూ పరుగెత్తుతారు. కోరగాటును మానిపోయిందని వదిలేస్తారు.

మరిగించి చల్లార్చిన నీటిలో, అర లీటరుకు ఒక టీ చెంచా చొప్పున ఉప్పు కలిపి పైపైన కడిగాను. అంతకుమించి ఏమీ రాయలేదు. స్పిరిటూ హైడ్రోజన్ పెరాక్సైడూ కండను కాల్చేస్తాయి. డెట్టాల్ వంటి ఫినాల్ జాతి క్రిమిసంహారకాలు, టీ ట్రీ నూనె పిల్లికి విషం, పైగా రాసిందల్లా అది నాకేస్తుంది. రక్తం ఇంకా కారుతూ ఉంటే శుభ్రమైన గుడ్డతో అయిదు పది నిమిషాలు ఎత్తి చూడకుండా అదిమి పట్టాలి.

ఈలోగా ఫోనులో దగ్గరి బంధువు ఒకావిడ, “పాపం నొప్పితో ఉంటుంది, సగం పారాసిటమాల్ వెయ్యి” అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆ మాట ఎంత ప్రమాదమో ప్రతి పిల్లి ఇంటివారికీ తెలియాలి. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. పొరపాటున ఎవరైనా వేసి ఉంటే దాచకుండా చెప్పాలి. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. ఐబుప్రొఫెన్ కూడా ఇవ్వకూడదు.

ఆసుపత్రికి ఫోను చేసి చెప్పి, తిండి పెట్టకుండా బయలుదేరాను. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండటం మేలు. పై మూత తీయగలిగే బుట్టలో తీసుకెళ్లడం వల్ల దాన్ని లాగకుండానే పరీక్ష చేశారు. బొచ్చు గొరిగితే రెండు కాదు, నాలుగు గాట్లు బయటపడ్డాయి. లోపలికంటా కడిగి, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, బరువును బట్టి లెక్క కట్టి పిల్లికి సరిపడే నొప్పి మందు ఇచ్చారు. రేబీస్ టీకా మళ్లీ వేశారు. తొందరగా తేవడం వల్ల గడ్డ కట్టకుండా ఆపే అవకాశం ఉందన్నారు. అప్పటికే కట్టి ఉంటే కోసి, కొన్నిసార్లు చీము కారడానికి రబ్బరు గొట్టం పెట్టాల్సి వచ్చేదట.

ఇంటి దగ్గర పని అసలు అప్పుడే మొదలైంది. చిన్న గదిలో ఉంచి, గాయం నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ తొడిగాం. మాత్ర వేసిన ప్రతిసారీ సిరంజితో కాసిని నీళ్లు పట్టాం. పొడి మాత్ర అన్నవాహికలో ఆగితే అక్కడ పుండు పడుతుంది. మూత్రం పోస్తోందా, తింటోందా అని రాసుకున్నాను. రెండు మూడు రోజులు పూర్తిగా తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ఇంకో జబ్బు తయారవుతుంది.

నొప్పి ఎంత ఉందో తెలుసుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది మాంట్రియల్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రచురించిన కొలమానం. చెవులు పక్కలకు తిరిగాయా, కళ్లు చికిలించిందా, మూతి బిగుసుకుందా, మీసాలు తిన్నగా సాగి ముందుకు వచ్చాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా: ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు వేసుకుని కలుపుకోవాలి. పదికి నాలుగు వచ్చినా డాక్టరుతో మాట్లాడాలి. ఒక సాయంత్రం మబ్బు లెక్క నాలుగుకు చేరితే ఫోను చేశాను, వైద్యురాలు మందు మార్చారు.

పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవి అనే వైరస్ ముఖ్యంగా కోరగాటు ద్వారానే పాకుతుంది. మనుషులకు అంటదు. రక్తంలో దాని జాడ పరీక్షకు దొరకడానికి 60 రోజుల వరకు పట్టవచ్చు కాబట్టి అప్పటిదాకా ఆగి పరీక్ష చేయించాం. లేదని తేలింది. అదే ఆసుపత్రిలో దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స కూడా చేయించాం, ఎందుకంటే ఆ ఆపరేషన్ అయిన గండుపిల్లులు దూరాలు తిరగడం, పోట్లాడటం బాగా తగ్గిస్తాయి. రాత్రిళ్లు మాత్రం ఇప్పుడు దాన్ని బయటికి వదలడం లేదు. మొదట్లో తలుపు దగ్గర గోల చేసేది, ఇప్పుడు అలవాటు పడుతోంది.